మూడో తీగ ఎక్కడి దాకా వెళ్తోంది?

(పాత భవనాల వైరింగులో ఎర్తింగ్ లోపాలు, దారి తప్పిన కరెంటు అనే అంశంపై నివాసుల, ఎలక్ట్రీషియన్ల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇళ్ల యజమానులూ, అద్దెకు ఉంటున్నవారూ, రోజూ స్విచ్చు బోర్డులు విప్పి పనిచేసే ఎలక్ట్రీషియన్ మిత్రులూ ఈ రోజు ఒకే గదిలో కూర్చున్నారు. మీ ముగ్గురికీ ఒకే మాట చెప్పే అవకాశం నాకు ఎప్పుడో గానీ దొరకదు. కొన్ని లెక్కలు చెబుతాను. అవన్నీ భాగహారం వస్తే సరిపోయే లెక్కలే.

ముందు ఒక కొళాయి సంగతి చెప్పాలి. మూడంతస్తుల పాత భవనం. రెండో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ, స్నానాల గదిలో కొళాయి తిప్పితే చేతికి జివ్వుమంటోందని ఇంట్లో చెప్పారు. రోజూ కాదు, కొన్ని రోజులే. ఇంట్లోవాళ్లకు అలా ఎప్పుడూ అనిపించలేదు కాబట్టి మొదట నమ్మలేదు. తరువాత గీజరును అనుమానించి కొత్తది పెట్టించారు. పది రోజులు బాగానే ఉంది, మళ్లీ మొదలైంది. ఆ గీజరునూ మార్చారు. మూడో గీజరు వచ్చాక కూడా జివ్వుమనడం ఆగకపోతే నన్ను పిలిచారు.

నేను వెళ్లినప్పుడు కొళాయికీ తడి నేలకీ మధ్య 80 ఓల్టులకు పైగా ఉంది. డిజిటల్ మీటరు ఒక్కోసారి పక్క తీగల ప్రభావంతో లేని ఓల్టేజిని కూడా చూపిస్తుంది. అందుకని రెండింటి మధ్య ఒక రెసిస్టరు కలిపి మళ్లీ కొలిచాను. అంకె కాస్త తగ్గింది, పడిపోలేదు. అంటే అది నిజమైన ఓల్టేజి. అప్పుడు ఆ ఇంటి మెయిన్ స్విచ్చు పూర్తిగా ఆపేశాను. దీపాలు ఆరాయి, ఫ్యాన్లు ఆగాయి. కొళాయి మీద 80 ఓల్టులు మాత్రం అలాగే ఉన్నాయి.

కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. కింది ఇంట్లో ఒక వాషింగ్ మెషీను ఉంది. దానిలో నీళ్లు వేడిచేసే ఎలిమెంటు పాడై, కరెంటు దాని లోహపు బాడీకి తగులుతోంది. వేడి నీళ్లతో బట్టలు ఉతికిన రోజుల్లోనే కొళాయి జివ్వుమనడానికి కారణం అదే. మరి కింద పాడైన మెషీను పై అంతస్తు కొళాయిలోకి ఎలా వచ్చింది? ఎర్తు తీగ ద్వారా వచ్చింది. భవనంలోని ఇళ్లన్నిటి ఎర్తు తీగలూ మెట్ల పక్క గోడ వెంట దిగే ఒక ఉమ్మడి తీగకు కలిసి ఉన్నాయి. ఆ ఉమ్మడి తీగ, నేలలో లోహపు కడ్డీనో గొట్టాన్నో పూడ్చిన ఎర్తు గుంత దాకా వెళ్లాలి. గుంత దగ్గర దాన్ని పట్టి ఉంచే క్లాంపు తుప్పు పట్టి ఎప్పుడో విరిగిపోయింది. దానితో ఆ తీగ ఇళ్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలుపుతోంది గానీ, భూమితో కలపడం లేదు. కింది మెషీను బాడీకి వచ్చిన ఓల్టేజి ఎర్తు తీగ ఎక్కి, పై ఇంటి గీజరు ట్యాంకుకు వెళ్లి, అక్కడి నుంచి ఇనుప గొట్టం మీదుగా ఆవిడ చేతికి చేరింది.

ఆ ఇంట్లో అన్నీ సక్రమంగా చేయించుకున్నారు. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన సాకెట్టు, గీజరుకు ఎర్తు, అన్నీ ఉన్నాయి. అలా చేయించుకున్నందుకే ఆవిడకు షాకు తగిలింది. అసలు తప్పు చేసిన మెషీను యజమానికి ఏమీ తెలియలేదు, ఎందుకంటే ఆ మెషీను రబ్బరు కాళ్ల మీద ఉంది, పైన రంగు పూత ఉంది, ఆయన చెప్పులతో నిలబడి వాడతారు. నా ముప్పై ఏళ్ల పనిలో నన్ను ఇంతగా బాధపెట్టినవి కొన్నే ఉన్నాయి. పాత భవనంలో మీ భద్రత మీ గోడల మధ్య పూర్తికాదని నాకు మొదటిసారి బాగా తెలిసింది ఆ రెండు రోజుల్లోనే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఎర్తు తీగ ఏం చేస్తుంది? ఎవరిని అడిగినా "ఎక్కువైన కరెంటును భూమిలోకి పంపించేస్తుంది" అంటారు. భూమి ఒక పెద్ద గొయ్యి, కరెంటును అందులో పారబోయవచ్చు అనే ఊహ మన మనసుల్లో ఉంది. పాత వైరింగులో నేను చూసిన తప్పుల్లో చాలావాటికి మూలం ఈ ఊహే. కరెంటు ఎప్పుడూ తాను బయలుదేరిన ట్రాన్స్‌ఫార్మరుకే తిరిగి చేరాలి. మామూలుగా ఫేజు తీగలో వచ్చి న్యూట్రల్ తీగలో తిరిగి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆ న్యూట్రల్‌ను నేలకు కలుపుతారు. అందువల్ల మీ ఇంటి దగ్గర నేలలోకి దిగిన కరెంటు మట్టిలో ప్రయాణించి, అక్కడి ఎర్తు గుంతలో పైకి వచ్చి, తన చోటికి చేరుతుంది. నేల దానికి ఒక దారి మాత్రమే. ఆ దారి ఎంత సులువుగా ఉంది, ఎక్కడ తెగి ఉంది, మధ్యలో ఎవరి చేయి ఉంది అన్నవే మనం అడగవలసిన ప్రశ్నలు.

ఆ దారి ఎంత కష్టమో చూడండి. మూడు మీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీని నేలలో నిలువునా దింపామనుకోండి. నేల నిరోధకత 100 ఓమ్-మీటర్లు, అంటే ఒక మోస్తరు తేమ ఉన్న నేల. సూత్రం ప్రకారం లెక్క వేస్తే ఆ కడ్డీ నిరోధం సుమారు 33 ఓములు వస్తుంది. ఈ 33ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వస్తాం. ఎండిన ఇసుక నేలలో ఇదే కడ్డీ దీనికి పది రెట్లు చూపించవచ్చు. వానలు పడ్డాక కొలిస్తే ఒక అంకె, ఎండాకాలం చివర కొలిస్తే మరో అంకె వస్తుంది. పక్కపక్కనే రెండు కడ్డీలు దింపితే నిరోధం సగానికి దిగుతుందని అనుకోవద్దు. రెండూ ఒకే మట్టిని పంచుకుంటాయి కాబట్టి లాభం తక్కువ. వాటి మధ్య కనీసం ఒక కడ్డీ పొడవంత ఎడం ఉండాలి. బొగ్గు, ఉప్పు వేసి గుంత పూడ్చడం పాత పద్ధతి. ఉప్పు నిరోధాన్ని తగ్గించే మాట నిజమే, కానీ అది నీటితో పాటు కొట్టుకుపోతుంది, పోయే లోపు ఇనుప గొట్టాన్ని తినేస్తుంది. నేను తవ్వించి చూసిన ఒక పాత గుంతలో పైన క్లాంపు, బోల్టు చక్కగా ఉన్నాయి. కింద మాత్రం గొట్టమే మిగల్లేదు.

ఇప్పుడు ఫ్రిజ్‌లో ఇన్సులేషన్ పూర్తిగా పాడై, ఫేజు నేరుగా బాడీకి తగిలిందనుకుందాం. బాడీకి ఎర్తు ఉంది. ఆ ఎర్తు మన 33 ఓముల కడ్డీకి చక్కగా కలిసి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు వైపు ఎర్తు నిరోధం 2 ఓములు అనుకుందాం. మొత్తం 35. 230 ఓల్టులను 35తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. ఆ ఫ్రిజ్‌కు పెట్టిన ఫ్యూజు 16 ఆంపియర్లది. అది ఆరున్నరను మామూలు వాడకంగానే చూస్తుంది, ఎన్ని రోజులైనా కాలదు. కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే ఎంసీబీ స్విచ్చు కూడా అంతే. సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడిపోతుందన్న భరోసా ఉండాలంటే 160 ఆంపియర్లు ప్రవహించాలి, అంటే దారి మొత్తం నిరోధం ఒకటిన్నర ఓము లోపే ఉండాలి. మట్టి గుండా అంత సులువైన దారి దొరకడం చాలా కష్టం.

మరి ఆ ఫ్రిజ్ బాడీ మీద ఎంత ఓల్టేజి ఉంటుంది? 33 ఓములను ఆరున్నర ఆంపియర్లతో గుణించండి. దాదాపు 217 ఓల్టులు. ఎర్తు ఉంది, తీగ తెగలేదు, గుంత ఉంది, అయినా తలుపు పిడి మీద 217 ఓల్టులు. అంతేకాదు, ఆ కడ్డీ దగ్గర సుమారు 1,400 వాట్ల శక్తి రాత్రీ పగలూ నేలను వేడి చేస్తుంది. వేడికి మట్టి ఎండుతుంది, ఎండితే నిరోధం ఇంకా పెరుగుతుంది. "మా ఇంట్లో ఎర్తింగ్ ఉందండీ" అని ఎవరైనా ధీమాగా చెప్పినప్పుడు నాకు ఈ లెక్క గుర్తుకొచ్చి ఆందోళన కలుగుతుంది.

కొన్ని చోట్ల సరఫరా సంస్థే తన కేబులుతో పాటు లోహపు ఎర్తు దారిని కూడా ఇస్తుంది. అక్కడ లోపం వచ్చినప్పుడు కరెంటు మట్టిలో తిరగవలసిన పని లేదు, తీగలోనే వెనక్కి వెళ్తుంది. దారి నిరోధం ఒక ఓముకు తక్కువ ఉంటుంది కాబట్టి వందల ఆంపియర్లు పారి ఫ్యూజు క్షణంలో కాలిపోతుంది. మీ భవనానికి వచ్చేది ఏ రకం సరఫరా అన్నది మీరు తెలుసుకోవలసిన మొదటి విషయం. రెండింటికీ మందు ఒకటి కాదు.

మట్టి దారి మీద ఆధారపడే చోట ప్రాణాలు కాపాడేది ఆర్‌సీసీబీ. అది ఫేజులో వెళ్లిన కరెంటునూ, న్యూట్రల్‌లో తిరిగివచ్చిన కరెంటునూ పోల్చి చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు వేరే దారిలో, అంటే బాడీ గుండానో, గొట్టం గుండానో, మనిషి గుండానో వెళ్తోందన్నమాట. ఇళ్లలో మనుషుల రక్షణకు పెట్టేది ఆ తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరే లోపే పడిపోతుంది. ఇప్పుడు మన 33 ఓముల కడ్డీని మళ్లీ తీసుకోండి. 30 మిల్లీఆంపియర్లను 33తో గుణిస్తే ఒక ఓల్టు. బాడీ మీద ఓల్టేజి ఒక ఓల్టుకు చేరగలిగేంత చిన్న లోపం మొదలుకాగానే సరఫరా ఆగిపోతుంది. ఫ్యూజుతో 217 ఓల్టుల దగ్గర మిగిలిపోయిన అదే కడ్డీ, అదే మట్టి.

30 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. అమెరికాలో బర్క్లీలోని విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యులు, తమంతట తాము ముందుకొచ్చినవారి మీద ప్రయోగాలు చేసి, ఎంత కరెంటు దాటితే మనిషి పట్టుకున్న తీగను వదలలేకపోతాడో కొలిచారు. సగటున మగవారికి 16, ఆడవారికి పదిన్నర మిల్లీఆంపియర్లు. సగటు అంటే అంతకంటే తక్కువకే చేయి బిగుసుకుపోయేవారు ఉంటారని అర్థం. పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. అర మిల్లీఆంపియరు దగ్గర చిన్నగా తెలుస్తుంది, పది దగ్గర కండరాలు మాట వినవు, ముప్పై దాటి కొంతసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. తడిసిన మనిషి శరీర నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే 230 ఓల్టులకు 230 మిల్లీఆంపియర్లు. ఆ డాల్జీల్ గారే 1961లో ఈ రకం రక్షణ పరికరాన్ని అమెరికాకు అందించారు.

ఒక అపోహ తీసేస్తాను. ఆర్‌సీసీబీ షాకును చిన్నది చేయదు. 230 మిల్లీఆంపియర్లు రావలసిన చోట 230 మిల్లీఆంపియర్లే వస్తాయి. అది తగ్గించేది కాలాన్ని. సెకనులో 25వ వంతు లోపే ఆపేస్తుంది. ఒక్క దెబ్బ తగులుతుంది, మనిషి బతుకుతాడు.

ఇక పాత వైరింగు లోపలికి వెళ్దాం. చాలా పాత ఇళ్లలో రెండే తీగలు ఉంటాయి, మూడోది అసలు లేదు. చెక్క పట్టీల్లోనో, ఇనుప గొట్టాల్లోనో నడిపిన రబ్బరు ఇన్సులేషన్ తీగలు అవి. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, పగుళ్లు వచ్చి, పెంకులా రాలిపోతుంది. కదపనంత కాలం అలాగే ఉంటుంది. ఎవరో కొత్త స్విచ్చు పెట్టడానికి తీగను వంచగానే ఇన్సులేషన్ ఊడి, లోపలి రాగి బయటపడుతుంది. "బాగానే ఉన్న వైరింగును ఎలక్ట్రీషియన్ వచ్చి పాడుచేశాడు" అని ఇంటివాళ్లు నిందిస్తారు. ఆయన తప్పు కాదు. తీగ ఎప్పుడో పాడైంది, ఆయన చేయి తగిలినప్పుడు బయటపడింది.

ఇనుప గొట్టమే ఎర్తుగా పనిచేసేలా వేసిన వైరింగు మరో రకం. కొత్తలో అది మంచి పద్ధతే. కానీ గొట్టం ముక్కలను కలిపే మరలు తుప్పు పడతాయి. మధ్యలో ఎవరో ఒక ముక్క తీసేసి ప్లాస్టిక్ గొట్టం వేస్తారు. అక్కడి నుంచి పైన ఉన్న ప్రతి సాకెట్టుకూ ఎర్తు పోయినట్టే, ఎవరికీ తెలియదు. తుప్పు పట్టిన కీలు గుండా లోపపు కరెంటు పారితే అక్కడే వేడి పుడుతుంది. 300 మిల్లీఆంపియర్లు మనకు చిన్న అంకెలా కనిపిస్తుంది. 230 ఓల్టుల దగ్గర అది 69 వాట్లు. పొడి చెక్క పక్కన ఒక బిందువు దగ్గర 69 వాట్లు చాలు, నిప్పు రాజుకోవడానికి.

నీళ్ల గొట్టాన్ని ఎర్తుగా వాడుకోవడం కూడా ఒకప్పుడు మామూలే. వీధి దాకా వెళ్లే లోహపు గొట్టం కంటే మంచి ఎర్తు దొరకదని అప్పటివారు అనుకున్నారు, అప్పటికి అది నిజం. తరువాత వీధిలోనో, ఇంట్లోనో ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. నీళ్ల పని చేసేవారికి అది ఎర్తు అని తెలియదు, కరెంటు పని చేసేవారికి గొట్టం మారిందని తెలియదు. ఇద్దరూ తమ పని సరిగ్గానే చేశారు, మధ్యలో ఎర్తు మాయమైంది.

ఇప్పుడు చెప్పబోయేది ఎలక్ట్రీషియన్ మిత్రులు దయచేసి శ్రద్ధగా వినాలి. రెండు తీగలే ఉన్న ఇంట్లో మూడు పిన్నుల సాకెట్టు పెట్టమంటారు. ఎర్తు తీగ లేదు. అప్పుడు సాకెట్టు వెనక ఒక చిన్న తీగ ముక్కతో ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు. టెస్టరు వెలగదు, పరీక్ష దీపం వెలుగుతుంది, అందరూ సంతోషిస్తారు. ఇంత ప్రమాదకరమైన పని ఇంటి వైరింగులో మరొకటి నాకు తెలియదు. ఆ సాకెట్టుకు వచ్చే న్యూట్రల్ ఎక్కడో ఒక చోట వదులై తెగిందనుకోండి. ఫ్రిజ్ లోపలి మోటారు గుండా ఫేజు న్యూట్రల్ చివరికి వస్తుంది, అక్కడి నుంచి ఆ చిన్న ముక్క గుండా బాడీకి వస్తుంది. ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేదు, అయినా బాడీ మొత్తం 230 ఓల్టుల దగ్గర ఉంటుంది. తీగలు తెగడం పాత ఇంట్లో అరుదు కాదు. ఎర్తు లేకపోతే లేదని చెప్పండి. లేని ఎర్తును ఉన్నట్టు చూపించకండి.

మీలో కొందరు అడగవచ్చు, మరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్‌నూ ఎర్తునూ కలుపుతారు కదా అని. కలుపుతారు. కొన్ని సరఫరా పద్ధతుల్లో భవనం ప్రవేశం దగ్గర కూడా కలుపుతారు. అది నియమం ప్రకారం, నిర్ణయించిన చోట, గట్టి కీలుతో చేసే పని. అక్కడ విడిపోయాక ఇంటి లోపల ఆ రెండూ మళ్లీ ఎక్కడా కలవకూడదు. కలిస్తే న్యూట్రల్ కరెంటుకు రెండు దారులు ఏర్పడతాయి. కొంత న్యూట్రల్‌లో, కొంత ఎర్తు తీగలో, అక్కడి నుంచి గొట్టాల్లో, కాంక్రీటు లోపలి ఇనుప కమ్మీల్లో తిరుగుతూ వెళ్తుంది. దీన్నే దారి తప్పిన కరెంటు అంటున్నాం. ఒక భవనంలో నీళ్ల గొట్టం చుట్టూ క్లాంప్ మీటరు, అంటే దేన్నీ విప్పకుండా చుట్టూ పట్టుకుని లోపలి కరెంటును కొలిచే మీటరు, పెడితే నాలుగు ఆంపియర్లు చూపించింది. ఆ గొట్టానికి ఏ పరికరమూ కలిపి లేదు. టీవీ కేబులు పెట్టేటప్పుడు చివర నిప్పురవ్వ వస్తోందని, మ్యూజిక్ సిస్టంలో ఎప్పుడూ గుయ్‌మనే శబ్దం ఉంటోందని చెప్పేవారి ఇళ్లలో నేను మొదట వెతికేది ఇదే.

ఇలాంటి కరెంటు లోహాన్ని తింటుందా అని అడుగుతుంటారు. డీసీ కరెంటు అయితే బాగా తింటుంది. 19వ శతాబ్దం చివర్లో విద్యుత్ ట్రాములు వచ్చిన నగరాల్లో పట్టాల గుండా తిరిగి వెళ్లవలసిన డీసీ కరెంటు కొంత నేలలోకి జారి, నీళ్ల గొట్టాలు ఎక్కి, వాటిని వదిలి బయటికి వచ్చే చోట వాటికి చిల్లులు పెట్టింది. ఒక ఆంపియరు డీసీ ఏడాది పాటు ఇనుము నుంచి మట్టిలోకి దిగితే తొమ్మిది కిలోల ఇనుము కరిగిపోతుంది. ఇళ్లలో ఉండే ఏసీతో ఈ నష్టం దానిలో చాలా చిన్న వంతు. అందుచేత గొట్టాల కంటే మనుషుల గురించే ముందు ఆలోచించాలి. ఆ గొట్టాన్ని మరమ్మతు కోసం విప్పే మనిషి రెండు చేతులతో రెండు చివరలూ పట్టుకుంటే, అప్పటిదాకా గొట్టంలో ఉన్న కరెంటు అతని గుండా వెళ్లాలని చూస్తుంది. నీళ్ల పనివారు షాకు తగిలిందని చెబితే దయచేసి కొట్టిపారేయకండి.

పాత భవనంలో ఆర్‌సీసీబీ పెట్టగానే పడిపోతోంది, అది చెడ్డ సరుకు అనే మాట కూడా తరచూ వింటాను. చాలాసార్లు అది నిజం చెబుతోంది, మనం వినడం లేదు. ఎక్కడో న్యూట్రల్ ఎర్తును తాకి ఉంటుంది. లేదా ఒక సర్క్యూట్ దీపం మరో సర్క్యూట్ న్యూట్రల్‌ను అరువు తెచ్చుకుని ఉంటుంది. మెట్ల దీపం దీనికి చక్కని ఉదాహరణ. కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు. ఫేజు కింది అంతస్తు నుంచి, న్యూట్రల్ పై అంతస్తు నుంచి తీసుకుంటే తీగ ఆదా అవుతుందని అప్పట్లో అలా వేశారు. దీపం వెలుగుతుంది. కానీ కింది ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన కరెంటు దానిలోకి తిరిగిరాదు, కాబట్టి అది పడిపోతుంది. అరువు న్యూట్రల్ వల్ల, పై అంతస్తు సర్క్యూట్ ఆపేసి పనిచేస్తున్న మనిషికి కూడా ప్రమాదమే. తాను ఆపేసిన సర్క్యూట్ న్యూట్రల్‌లో వేరే సర్క్యూట్ కరెంటు ఉంటుంది. పడిపోతోందని ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపడం, పొగ వస్తోందని చెప్పిన మనిషి నోరు మూయడం లాంటిది.

కంప్యూటర్ల గురించి రెండు మాటలు. లోహపు పెట్టె ఉన్న కంప్యూటరును తాకితే చిన్నగా చిమచిమలాడుతోందంటే, చాలావరకు అది పాడైందని కాదు. దాని పవర్ సప్లైలో, అలజడిని వడకట్టడానికి ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ పెట్టెకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేకపోతే పెట్టె ఆ రెండింటి మధ్య వేలాడుతూ సుమారు 115 ఓల్టుల దగ్గర నిలుస్తుంది. వచ్చేది మిల్లీఆంపియరులో చిన్న భాగం, ఒక్క కంప్యూటరుతో ప్రమాదం లేదు. కానీ నేను చెప్పిన ఆ తెగిన ఉమ్మడి ఎర్తు తీగకు ఇరవై పరికరాలు కలిసి ఉంటే వాటి నుంచి కారే కరెంటంతా ఒక్కచోట కూడుతుంది. ఆ చిమచిమ మీకు ఎర్తు లేదని చెబుతున్న కబురు. దాన్ని అలవాటు చేసుకోకండి.

పరీక్షల గురించి చెప్పి ముగిస్తాను, తరువాత ప్రశ్నలు అడగండి. టెస్టరులోని నియాన్ దీపం అతి చిన్న కరెంటుకే వెలుగుతుంది, కాబట్టి అది వెలిగినా ఆరినా ఎర్తు బాగుందో లేదో చెప్పలేదు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, "దీపం నిండుగా వెలిగింది, ఎర్తు బాగుంది" అనడం మనలో చాలామందికి అలవాటు. బల్బు నిరోధం 529 ఓములు. మన 33 ఓముల కడ్డీ దానికి తోడైతే బల్బుకు ఇంకా 215 ఓల్టులకు పైగా అందుతుంది. 230కీ 215కీ తేడా కంటితో కనిపెట్టలేం. ఫ్రిజ్ బాడీ మీద 217 ఓల్టులు మిగిల్చిన కడ్డీనే ఈ పరీక్ష మంచిదని ఒప్పుకుంటుంది. ఎర్తు పిన్ను న్యూట్రల్‌కు కలిపి ఉన్నా బల్బు వెలుగుతుంది. అందుకే లోపపు దారి మొత్తం నిరోధాన్ని కొలిచే లూప్ టెస్టరు, ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే 500 ఓల్టుల మెగ్గరు, మిల్లీఆంపియర్లు చదవగల క్లాంప్ మీటరు, ఈ మూడూ లేకుండా పాత భవనం ఎర్తింగ్ బాగుందని ఎవరూ సంతకం పెట్టకూడదు. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి క్లాంప్ మీటరులో పట్టుకోండి. సున్నా రాకపోతే ఎంత వస్తే అంత కరెంటు దారి తప్పిందన్నమాట. గోడ పగలగొట్టక్కరలేదు.

ప్రశ్న: అయ్యా, మా ఇంట్లో రెండే తీగలు. ఎర్తు లేకుండా ఆర్‌సీసీబీ పెడితే పనిచేస్తుందా?

పనిచేస్తుందండీ. అది పోల్చేది ఫేజునూ న్యూట్రల్‌నూ, దానికి ఎర్తు తీగతో పని లేదు. తేడా ఒక్కటే. ఎర్తు ఉంటే పరికరం పాడైన క్షణంలోనే పడిపోతుంది. ఎర్తు లేకపోతే ఎవరో ఒకరు ఆ బాడీని తాకాక, వారి శరీరం దారి అయ్యాక పడిపోతుంది. అయినా రేపే పెట్టించండి. మొత్తం వైరింగు మార్చడానికి ఏళ్లు పట్టవచ్చు, దీనికి ఒక పూట చాలు. నెలకోసారి దాని పరీక్ష బటన్ నొక్కండి. ఆ బటన్ పరికరాన్ని పరీక్షిస్తుంది గానీ మీ ఎర్తును పరీక్షించదు, అది గుర్తుంచుకోండి. ఎలక్ట్రానిక్ పరికరాలు ఎక్కువగా ఉంటే 'టైప్ ఏ' (Type A) అనే రకం ఆర్‌సీసీబీ అడిగి తీసుకోండి. పాత 'టైప్ ఏసీ' (Type AC) రకం, డీసీ కలిసి కారే కరెంటును సరిగ్గా గుర్తించలేకపోవచ్చు.

ప్రశ్న: గోడలన్నీ పగలగొట్టకుండా ఎర్తు తీగ వేయగలమా అండీ?

చాలావరకు వేయగలమమ్మా. మెట్ల పక్కన పైనుంచి కిందిదాకా ఒక మందపాటి రాగి తీగ గోడ మీదే దింపవచ్చు. దాని నుంచి ప్రతి ఇంటి బోర్డుకు ఒక కొమ్మ. ఇంటి లోపల ముందు స్నానాల గది, వంటగది, వాషింగ్ మెషీను ఉన్న చోటు. తడి ఉండే చోట్ల ప్రమాదం ఎక్కువ కాబట్టి డబ్బు, సమయం మొదట అక్కడే పెట్టండి. స్నానాల గదిలో లోహపు గొట్టాలనూ గీజరు ఎర్తునూ ఒకదానితో ఒకటి కలపండి. అప్పుడు ఒకేసారి తాకగల రెండు వస్తువుల మధ్య ఓల్టేజి తేడా ఉండదు. పడకగదులు తరువాత చూసుకోవచ్చు. కింద గుంత దగ్గర కీలును మట్టిలో పూడ్చేయకుండా, మూత తీసి చూడగలిగేలా చిన్న గదిలో ఉంచండి. నేను మొదట చెప్పిన క్లాంపు కంటికి కనిపించే చోట ఉండి ఉంటే, ఎవరో ఒకరు చూసి ఉండేవారు.

ప్రశ్న: ఆ భవనంలో చివరికి ఏం చేశారు?

క్లాంపు వెంటనే బిగించలేదు. ముందు ప్రతి ఇంటికీ ఒక ఆర్‌సీసీబీ పెట్టించాం, ఒక్కోదాన్నీ పరీక్షించాం. కొత్త కడ్డీ దింపి, కొలిచి, ఉమ్మడి తీగను దానికి కలిపాం. కలిపిన సాయంత్రమే మూడు ఇళ్లలో సరఫరా ఆగింది. ఒకటి మనకు తెలిసిన వాషింగ్ మెషీను. రెండోది పై అంతస్తులో ఒక పాత ఇస్త్రీ పెట్టె. మూడోది మెట్ల దీపం, దాని న్యూట్రల్ పక్కింటిది. ఇస్త్రీ పెట్టె ఇంటాయన మొదట కోపంగా కిందికి వచ్చారు. నేను మెగ్గరు పెట్టి అంకె చూపించాను. పది లక్షల ఓములు ఉండవలసిన చోట వేలల్లో ఉంది. ఆయన చాలాసేపు ఆ అంకె వైపే చూసి, ఆ పెట్టెతో రోజూ బట్టలు ఇస్త్రీ చేసేది తమ అమ్మాయి అన్నారు. పెద్దావిడ మాత్రం మరో వారం దాకా కొళాయిని మోచేత్తోనే తిప్పారట.